సిగ్నల్‌కూ చివరి ఆయకట్టు ఉంది

(కర్నూలు, కడప ప్రాంత రైతుల శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



సెల్‌ఫోన్ గురించి, వైఫై గురించి చెప్పమని సంఘం వాళ్లు నన్ను పిలిచారు. గిట్టుబాటు ధర గురించి, సాగునీటి గురించి మాట్లాడుకోవలసిన చోట సెల్‌ఫోన్ ముచ్చట ఎందుకని మొదట నేనూ అనుకున్నాను. నేను ముప్పై ఏండ్లు టెలిఫోన్ స్తంభాలెక్కి తీగలు కట్టిన మనిషిని. ఇంటికాడ నాలుగెకరాల మెట్ట, ఒక బోరు ఉన్నాయి. అందుకని అటు తీగ సంగతీ, ఇటు సేద్యం సంగతీ కొంచెం తెలుసు.

పోయిన ఖరీఫ్‌లో మా బంధువుల ఊళ్లో చూసిన సంగతితో మొదలుపెడతాను. ఊరు గుట్ట కింద ఉంది. ఒక పెద్దమ్మ రెండెకరాల్లో బుడ్డలు వేసింది. కడప అన్నదమ్ములు శెనక్కాయలంటారు, కర్నూలోళ్లం బుడ్డలంటాం, పంట ఒకటే. పంట నమోదుకు ఆమె వేలిముద్ర వేయాలి. ఊళ్లో సిగ్నల్ లేదు. మిషన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. పాపం, అక్కడ పనిచేసే పిల్లోడే ఆమెను బండి మీద కూర్చోబెట్టుకొని గుట్ట మీదికి తీసుకుపోయాడు. అక్కడ సిగ్నల్ దొరికింది. కొడవలి పట్టి అరిగిన వేలు మాత్రం మిషన్‌కు దొరకలేదు. మూడు రోజులు తిరిగింది. మూడు రోజుల కూలి పోయింది. చివరికి నన్ను అడిగింది: "నాయనా, పంట చేలో కనపడుతోంది కదా. ఫోన్‌కు కనపడకపోతే లేనట్టేనా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఈ గాలిలో నడిచే వ్యవహారం ఏందో ముందు తెలుసుకోవాలి. తెలియనంతవరకు "సర్వర్ లేదు, నెట్‌వర్క్ లేదు" అని ఎవరు చెప్పినా మనం తలకాయ ఊపి ఇంటికి వస్తాం. తెలిస్తే నిలబడి అడుగుతాం.

గాలిలో నడిచేది ఏంది?

బాయిలో రాయి వేస్తే అలలు లేస్తాయి. నీళ్లు ఉన్న చోటనే ఊగుతాయి, అల మాత్రం గట్టు దాకా పోతుంది. కరెంటును ఒక కమ్మీలో చాలా వేగంగా అటూ ఇటూ ఊపితే చుట్టూ అలాంటి అలే పుడుతుంది. కంటికి కనపడదు, చెవికి వినపడదు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెలుగు కూడా అదే జాతి అల. సంఘానికి పెద్దన్న సూర్యుడైతే, సెల్‌ఫోన్ చిన్న తమ్ముడు.

ఇది కొత్త విద్య కాదు. 1895లోనే కలకత్తాలో మన జగదీశ్ చంద్ర బోస్ తీగ లేకుండా అలలను పంపి, గోడల అవతల గంట మోగించి, మందు పేల్చి చూపించాడు. మన ప్రాంతానికి 1963లో కడప ఆకాశవాణి కేంద్రం వచ్చింది. రేడియో ముల్లు 900 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టి పెద్దలు పొలం కబుర్లు విన్నారు. 900 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 9 లక్షల సార్లు ఊగే అల. ఒక అల పొడవు 333 మీటర్లు. అంత పొడవు అల కాబట్టి గుట్టలు, మిట్టలు చుట్టుకొని జిల్లాలు దాటి పోయేది.

సెల్‌ఫోన్ అల అంత పొడవుండదు. 900 మెగాహెర్ట్జ్ మీద నడిచే ఫోన్ అల పొడవు 33 సెంటీమీటర్లు, అంటే జానెడున్నర. ఇంట్లో వైఫై అల ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. దాని పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. 2022 అక్టోబరు 1న దేశంలో మొదలైన 5జీ ఎక్కువగా వాడే 3.5 గిగాహెర్ట్జ్ అల నాలుగు వేళ్ల వెడల్పు కంటే కొంచెమే ఎక్కువ. ఇక్కడ ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి. వేగంగా ఊగే పొట్టి అల మీద మోత ఎక్కువ వేయొచ్చు, వీడియోలు పరుగెత్తుతాయి. కానీ అది దూరం పోలేదు, గోడలు దాటలేదు. పొడవు అల దూరం పోతుంది, మోత తక్కువ. పల్లెలకు దూరం పోయే అల కావాలి. పట్నానికి మోత మోసే అల కావాలి. ఏ అలతో టవరు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అనేది కంపెనీ తన లాభం లెక్కతో తేలుస్తుంది.

మిద్దె కింద లేదు, మిద్దె మీద ఉంది

మన పాత మట్టి మిద్దెల సంగతి చూడండి. రాతి గోడ రెండడుగుల మందం, పైన నాపరాళ్లు, వాటి మీద మట్టి. ఎండాకాలం చల్లగా ఉంటుంది. ఫోన్‌కు మాత్రం అది గుహ. అల ఆ గోడలోకి దూరేసరికి సగం చచ్చిపోతుంది. వానకు తడిసిన గోడ ఇంకా ఎక్కువ మింగుతుంది, ఎందుకంటే నీళ్లు ఈ అలలను తాగుతాయి. రేకుల షెడ్డులో అయితే ఇనుము అలను వెనక్కి కొడుతుంది. అందుకే మన ఇండ్లలో ముసలోళ్లు ఫోన్ పట్టుకొని వాకిట్లోకి వస్తారు, పిల్లలు మిద్దె ఎక్కుతారు.

గుట్ట కూడా అంతే. నల్లమల, ఎర్రమల, లంకమల, పాలకొండల పక్కనున్న ఊర్లలో టవరు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉండొచ్చు. నడుమ గుట్ట ఉంటే ఊరు దాని నీడలో పడుతుంది. గుట్ట నీడలో ఎండ పడనట్టే సిగ్నల్ కూడా పడదు.

ఇంకో చిన్న సంగతి. పొలానికి పోయిన రోజు ఫోన్ చార్జింగ్ తొందరగా దిగిపోతుందని చాలామంది అంటారు. టవరు దూరమైనప్పుడు ఫోన్ గొంతు పెంచి అరుస్తుంది. ఎగువ గట్టు మీదున్న మనిషిని పిలవాలంటే మనం కేక వేస్తాం కదా, అట్లా. దూరం పెరిగేకొద్దీ బ్యాటరీ ఎక్కువ తింటుంది.

ఈ మాట చెప్పినప్పుడు ఒక అన్న ఎప్పుడూ అడుగుతాడు: టవరు పెడితే రోగాలొస్తాయంటారు, నిజమా అని. ఈ అలలు ఎక్స్‌రే లాంటివి కావు, శరీరంలోని అణువులను చీల్చేంత బలం వీటికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో వీటిని "బహుశా హాని చేయవచ్చు" అనే అనుమానపు వర్గంలో పెట్టింది. హాని రుజువైందని అనలేదు. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి టవరు విడుదల చేసే శక్తికి అంతర్జాతీయ పరిమితిలో పదోవంతు మాత్రమే అనుమతి. అనుమానం ఉంటే కొలిపించమని టెలికాం శాఖను అడగవచ్చు. ఒకటి మాత్రం ఆలోచించండి. టవరును ఊరికి దూరంగా తరిమితే చెవి పక్కనున్న ఫోన్ ఇంకా గట్టిగా అరుస్తుంది.

టవరు ఒక తూము

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. "తీగ లేని ఫోన్" అంటాం గానీ, తీగ లేనిది మన చేతి నుంచి టవరు దాకానే. టవరు దాటితే మళ్లీ తీగే. ఎక్కువ చోట్ల భూమిలో పోయే ఫైబర్ తీగ, లేకపోతే టవరు మీద గుండ్రటి డోలు లాంటిది ఉంటుంది చూడండి, అది ఇంకో టవరుకు సూటిగా అల పంపుతుంది. అక్కడి నుంచి మళ్లీ ఫైబర్.

మన రెండు జిల్లాలను కలిపే కర్నూలు-కడప కాలువను గుర్తు తెచ్చుకోండి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు మళ్లి, కాలువలో పడి, తూముల్లో దిగి, పిల్ల కాలువల్లో పారి, చివరికి కయ్యకు చేరతాయి. ఇంటర్నెట్ కూడా అట్లే. ఫైబర్ అంటే పెద్ద కాలువ. టవరు అంటే తూము. గాలిలో అల అంటే పిల్ల కాలువ. ఇంట్లో వైఫై పెట్టె అంటే మడికి నీళ్లు మళ్లించే చిన్న బోదె. వైఫై, ఇంటర్నెట్ ఒకటేనని చాలామంది అనుకుంటారు. కాదు. బోదె బాగుంది కాబట్టి నీళ్లొస్తాయని లేదు. పైన కాలువ ఎండితే బోదె ఏం చేస్తుంది?

ఒక తూము కింద నూరు ఎకరాలకు లెక్క వేసి మూడు నూర్ల ఎకరాలు తడపమంటే ఏమవుతుంది? టవరు కింద కూడా అదే. సాయంత్రం ఏడు దాటాక ఊరంతా ఫోన్లు పట్టుకుంటే ఉన్న దారిని అందరూ పంచుకోవాలి. గీతలు నాలుగూ నిండుగా కనపడతాయి, బొమ్మ మాత్రం కదలదు. గీతలు చూపించేది టవరు మాట మీకు ఎంత గట్టిగా వినపడుతోందో అంతే. నీళ్లున్నాయో లేదో అది చెప్పదు.

కాబట్టి నెట్‌వర్క్ లేదన్నప్పుడు రోగం ఎక్కడుందో మనమే కనిపెట్టొచ్చు. మా ఇంట్లోనే లేదు, వాకిట్లో ఉందంటే గోడ తప్పు. ఊరంతా ఒకేసారి పోయింది, ఆ పూట కరెంటు కూడా లేదంటే టవరు బ్యాటరీ అయిపోయింది, డీజిల్ పోసేవాడు రాలేదు. గీతలున్నా పగలూ రాత్రీ నెట్ రాలేదంటే ఫైబర్ తెగింది. రోడ్డు వెడల్పు చేసే పొక్లెయిన్ తీగను తెంపి ఉండొచ్చు. రోజూ సాయంత్రమే నెమ్మదిస్తుందంటే తూము చాలడం లేదు. ఫిర్యాదు రాసేటప్పుడు "నెట్ రావడం లేదు" అని ఒక ముక్క రాస్తే చెత్తబుట్టలో పడుతుంది. ఏ తేదీ, ఏ సమయం, ఏ చోట, ఎన్ని గంటలు అని రాస్తే జవాబు చెప్పక తప్పదు.

ఇదే టవరు ప్రాణం కూడా కాపాడుతుంది. 2023లో ఒకరోజు దేశంలో చాలా ఫోన్లు ఒక్కసారిగా గట్టిగా మోగి, ఇది పరీక్ష సందేశం అని చూపించాయి, గుర్తుందా? ఆ పద్ధతిలో ఒక్కొక్క నంబరుకు సందేశం పంపరు. టవరు తన కిందనున్న ఫోన్లన్నిటికీ ఒకేసారి దండోరా వేస్తుంది. నంబరు అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. పిడుగులకు చేలల్లో కూలీలు, గొర్రెల కాపర్లు చనిపోతున్న మన ప్రాంతానికి ఇది చాలా అవసరం. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని అనే యాప్ కూడా చుట్టుపక్కల పిడుగుల సంగతి చెబుతుంది. హెచ్చరిక వస్తే చెట్టు కింద నిలబడొద్దు, పక్కా ఇంట్లోకి పోవాలి. కానీ టవరే లేని చోట దండోరా ఎవరికి వినపడుతుంది?

స్టార్టరు మన మాట వింటుంది, మీటరు ఎవరి మాట వింటుంది?

మన సేద్యంలోకి తీగ లేని విద్య గట్టిగా వచ్చింది బోరు మోటారు దగ్గరే. కరెంటు అర్ధరాత్రి ఇచ్చిన రోజుల్లో టార్చి లైటు పట్టుకొని చేలకు పోయి, పాము కరిచి, షాక్ కొట్టి ఎంతమంది పోయారో మీకు చెప్పనక్కర్లేదు. సెల్ స్టార్టరు వచ్చాక మంచం మీద నుంచే మోటారు వేయగలుగుతున్నాం. దాని లోపల ఉండేది ఒక చిన్న ఫోనే. సిమ్ ఉంటుంది. మీరు ఫోన్ చేస్తే ఎత్తుతుంది, మీరు నొక్కిన అంకెను బట్టి స్టార్టరు మీట వేస్తుంది లేదా ఆపుతుంది. కరెంటు మూడు ఫేజులూ ఉన్నాయో లేదో చూసి చెప్పేవి, బోరులో నీళ్లు లేక మోటారు వట్టిగా తిరిగితే ఆపేవి కూడా ఉన్నాయి.

దీని విషయంలో మూడు జాగ్రత్తలు చెబుతాను.

మొదటిది ప్రాణానికి సంబంధించినది. మోటారు దగ్గర, స్టార్టరు దగ్గర పని చేసేటప్పుడు ఫోన్‌లో ఆపేశాం కదా అని తీగ పట్టుకోవద్దు. ఇంట్లో పిల్లోడు ఫోన్ నొక్కినా మోటారు లేస్తుంది. మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకొని అప్పుడు చేయి పెట్టండి. స్టార్టరులో ఇంటివాళ్ల నంబర్లే ఎక్కించండి.

రెండోది కొనేటప్పుడు. పాత స్టార్టర్లు చాలావరకు 2జీ మీద నడుస్తాయి. జియోకు 2జీ లేదు, దాని సిమ్ వాటిలో పనిచేయదు. 3జీని ప్రైవేటు కంపెనీలు ఇప్పటికే చాలావరకు మూసేశాయి. రేపు 2జీ కూడా మూస్తే ఈ పెట్టెలన్నీ ఇనప ముక్కలవుతాయి. కొత్తది కొంటే 4జీ మీద కూడా నడుస్తుందా అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

మూడోది రీచార్జి. స్టార్టరు సినిమా చూడదు. దానికి డేటా ఎందుకు? మాటలకూ సందేశాలకూ మాత్రమే పనికొచ్చే ప్యాకులు తప్పనిసరిగా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది. వాటి గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు. దుకాణంలో అడగండి. అడగకపోతే డేటా ప్యాకే అంటగడతారు.

ఇప్పుడు రెండో పెట్టె సంగతి. వ్యవసాయ మోటార్లకు స్మార్ట్ మీటర్ల గురించి మన సంఘాలు ఎందుకు పోరాడాయో తెలుసు. మన రాష్ట్రంలో ఆ ప్రయోగం మొదట శ్రీకాకుళం జిల్లాలో చేశారు. సాంకేతికంగా చూస్తే స్మార్ట్ మీటరు, సెల్ స్టార్టరు అన్నదమ్ములు. రెండింట్లోనూ అల పంపే పెట్టె ఉంది. రెండూ దూరం నుంచి వచ్చిన మాట వింటాయి. తేడా ఒకటే. స్టార్టరు మన మాట వింటుంది. మీటరు కంపెనీ మాట వింటుంది. ఎంత కాలిందో ఎప్పటికప్పుడు పంపుతుంది, కావాలంటే ఆఫీసులో కూర్చొని కరెంటు ఆపే ఏర్పాటు కూడా అందులో పెట్టొచ్చు. లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకితే ఊరంతా చేరి అడుగుతాం. గాలిలో వచ్చి ఆపితే ఎవరిని అడుగుతాం? అందుకే మన గొడవ యంత్రంతో కాదు. దాని తాళం చెవి ఎవరి చేతిలో ఉంది, అది మోసుకుపోయే సమాచారం ఎవరిది అన్నదే మన ప్రశ్న.

ఈ-పంటకు నెట్‌వర్క్ ఎక్కడ కావాలి?

పెద్దమ్మ దగ్గరికి తిరిగి పోదాం. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై, తర్వాత రైతు సేవా కేంద్రాలుగా పేరు మారిన చోట్ల పంట నమోదు చేస్తున్నారు. నష్టపరిహారం కావాలన్నా, పంటల బీమా కావాలన్నా, మద్దతు ధరకు అమ్మాలన్నా ఆ నమోదు అడుగుతారు. అందులో నడిచే పనులను విడదీసి చూద్దాం.

ఒకటి, చేను ఎక్కడుందో గుర్తించడం. ఇది జీపీఎస్ పని. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు ఎప్పుడూ అలలు పంపుతూనే ఉంటాయి. ఫోన్ ఊరికే వింటుంది. నాలుగు ఉపగ్రహాల మాట వింటే తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. దీనికి సిమ్ అక్కర్లేదు, టవరు అక్కర్లేదు. పైన ఆకాశం కనపడితే చాలు. నల్లమల నడుమ కూడా పనిచేస్తుంది.

రెండు, ఫొటో తీయడం. దీనికీ నెట్‌వర్క్ అక్కర్లేదు. తేదీ, సమయం, చోటు ఫొటోలోనే ఎక్కుతాయి.

మూడు, అవన్నీ పైకి పంపడం. దీనికి నెట్‌వర్క్ కావాలి. కానీ ఆ నిమిషమే కావాలని ఎక్కడా లేదు. ఫోన్‌లో దాచుకొని, సాయంత్రం సిగ్నల్ ఉన్న చోట పంపేటట్టు యాప్ తయారుచేయడం కష్టమైన విద్య కాదు.

నాలుగు, రైతు వేలిముద్ర లేదా ఓటీపీ. వేలిముద్రను పోల్చి చూసేది ఎక్కడో దూరంలోని ఆధార్ కంప్యూటర్లలో. కాబట్టి దీనికి మాత్రం ఆ క్షణంలో నెట్‌వర్క్ కావాలి. అసలు మెలిక ఇక్కడే ఉంది. పంట ఉందో లేదో చూసే పనికి నెట్‌వర్క్ అక్కర్లేదు. రైతు తానే రైతునని రుజువు చేసుకునే పనికి మాత్రం నెట్‌వర్క్ కావాలి. మన పొలానికి మనమే సాక్ష్యం చాలమన్నట్టు!

ఉపాధి హామీ పనిలోనూ ఇదే చూశాం. 2023 జనవరి 1 నుంచి పని చోట రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో హాజరు వేయడం తప్పనిసరి చేశారు. తెల్లారి పారపట్టి మట్టి తవ్విన మనిషి, ఫొటో ఎక్కలేదంటే పని చేయనట్టే. రేషన్ దుకాణం, పింఛను, కిసాన్ సమ్మాన్, అన్నీ ఇదే దారి పట్టాయి. ఒకప్పుడు కరణం దస్త్రంలో పేరు లేకపోతే భూమి లేనట్టు. ఇప్పుడు సర్వర్‌లో పేరు లేకపోతే పంట లేనట్టు. కరణమైతే కనీసం ఊళ్లో ఉండేవాడు.

గాలి ఎవరి సొత్తు?

కొందరు అంటారు: కంపెనీలు ప్రైవేటువి, వాళ్లకు లాభం లేని చోట టవరు ఎందుకు పెడతారు అని. దీనికి మన కాలువే జవాబు చెబుతుంది. కర్నూలు-కడప కాలువను 1860 దశకంలో తవ్వించింది ప్రభుత్వం కాదు, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ. పెట్టుబడికి వడ్డీ హామీ సర్కారుదే. కంపెనీ లెక్క తప్పింది. 1882లో ప్రభుత్వమే దాన్ని కొనవలసి వచ్చింది. ఈ రోజు 2 లక్షల 65 వేల ఎకరాల ఆయకట్టు దాని కింద ఉందంటే, అది లాభం లెక్క వదిలి ప్రజల కాలువ అయినందుకే. అయినా చివరి ఆయకట్టు రైతులు ఇప్పటికీ నీళ్ల కోసం కొట్లాడుతున్నారు. కాలువ ప్రజలదైనా తూము దగ్గర నిలబడి అడగకపోతే నీళ్లు రావు.

గాలి సంగతీ అంతే. రేడియో అలలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజల మేలు కోసమే వాడాలని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. 2012లో 2జీ కేసులో 122 లైసెన్సులు రద్దు చేసినప్పుడూ ప్రకృతి వనరులు ప్రజలవేనన్న మాట మీదే నిలబడింది. 2022 వేలంలో ఈ అలల మీద ప్రభుత్వానికి దాదాపు లక్షా 50 వేల కోట్ల రూపాయల ధర పలికింది. అది మన చేల మీదుగా పోయే గాలి ధర కూడా.

ఇంకొకటి. పల్లెలకు ఫోన్ చేర్చడం కోసమే ఒక నిధి ఉంది. 2002 నుంచి సార్వత్రిక సేవా నిధి అని పేరు. 2023 టెలికాం చట్టం దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చింది. కంపెనీలు తమ ఆదాయంలో 5 శాతం దానికి కట్టాలి. అంటే మనం చేసే ప్రతి రీచార్జిలో ఒక ముక్క ఆ నిధికి పోతోంది. సిగ్నల్ రాని ఊరి రైతు కూడా గుట్టెక్కి రీచార్జి చేసి దానికి కడుతున్నాడు. 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేసి, బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. మన మండలంలో ఏ ఊరు అందులో ఉంది? పని ఎంతదాకా వచ్చింది? అడిగే హక్కు మనకుంది. కేరళ ప్రభుత్వం 2023 జూన్‌లో సొంత ఫైబర్ ప్రారంభించి, పేద ఇండ్లకు ఉచితంగా ఇస్తామని ముందుకొచ్చింది. మన రాష్ట్రంలోనూ కరెంటు స్తంభాల మీదుగా ప్రభుత్వ ఫైబర్ లాగారు. మన ఊరి స్తంభం మీది తీగ బతికే ఉందా, గాలివానకు తెగి వేలాడుతోందా, చూసి రండి.

మనం ఏం చేయాలి?

నా మనవి నాలుగు మాటలు.

ఊరూరా ఒక నోటుపుస్తకం పెట్టండి. సిగ్నల్ ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు, ఎన్ని గంటలు పోయింది అని నెల రోజులు రాయండి. చదువుకునే పిల్లలు సంతోషంగా చేస్తారు. ఆ పుస్తకం చేతిలో పెట్టుకొని మండల సభలో మాట్లాడితే బరువుంటుంది.

పంట నమోదు పడకపోతే ఉత్తచేతులతో వెనక్కి రావద్దు. తేదీ వేసి, సర్వే నంబరు రాసి, చేలో ఫొటో జతచేసి అర్జీ ఇవ్వండి. ముట్టినట్టు సంతకం, ముద్ర తీసుకోండి. నెట్‌వర్క్ లేకపోయిందన్న మాట కూడా అందులో రాయించండి. రేపు పరిహారం దగ్గర అదే మీ సాక్ష్యం.

సంఘం డిమాండ్ స్పష్టంగా ఉండాలి. నెట్‌వర్క్ లేని చోట కాగితం మీద నమోదు చేయాలి. వేలిముద్ర పడనివాళ్లకు ఊరి సాక్షుల సంతకంతో ఒప్పుకోవాలి. సిగ్నల్ వచ్చేదాకా గడువు ఆగాలి. యంత్రం పనిచేయకపోతే ఆ నష్టం యంత్రం పెట్టినవాడిది కావాలి, రైతుది కాదు.

చివరిగా, ఈ విద్యకు భయపడొద్దు, దాన్ని దేవుడనీ అనుకోవద్దు. అది ఒక అల. గోడ అడ్డమొస్తే ఆగుతుంది, కరెంటు పోతే పడుకుంటుంది, తీగ తెగితే చస్తుంది. అంత బలహీనమైనదాని మీద అన్నం పెట్టే మనిషి హక్కును వేలాడదీయకూడదు.

ఆ పెద్దమ్మ ప్రశ్నకు నా జవాబు ఇది. "లేనట్టు కాదమ్మా. పంట చేలో ఉంది. లేనిది వాళ్ల దగ్గర." ఆమెకు నాలుగో రోజున కాగితం మీద అర్జీ రాసిచ్చాను. దాని కింద ఊళ్లోవాళ్లు పదకొండు మంది సంతకాలు పెట్టారు. ముట్టినట్టు ముద్ర వేయించుకొని, ఆ కాగితాన్ని ఆమె గూట్లో పాసు పుస్తకం పక్కనే దాచుకుంది.